మొదటి అట్టు నాది

నేను ఒక అట్ల పెనాన్ని. పోత ఇనుముతో చేసినదాన్ని. గుండ్రంగా, నల్లగా, కాస్త బరువుగా ఉంటాను. ఈ మాటలు మనుషుల గురించి అంటే తగాదా వస్తుంది గానీ, నా గురించి అంటే మెచ్చుకోలే. నాకు రెండు చెవులు ఉండేవి. ఒకటి సగం విరిగింది. ఆ సంగతి తర్వాత చెబుతాను.

వస్తువు ఆత్మకథ ఎట్లా ఉండాలో నాకు బాగా తెలుసు. మా ఇంటాయన దయానందం గారు ఇంగ్లీషు మాష్టారు. ఏటా ఏడో తరగతి పిల్లల చేత గొడుగు ఆత్మకథ రాయించి, ఆ కాగితాలు వంటింటి బల్ల మీద పెట్టుకుని పైకి చదువుతూ దిద్దేవారు. అందరి గొడుగులూ ఒకే కార్ఖానాలో పుట్టి, ఒకే వానలో తడిసి, చివరికి బస్సులో పోయేవి. ఒక్క గొడుగూ తన యజమానిని పల్లెత్తు మాట అనేది కాదు. నేను అంత మంచిదాన్ని కాదు.

పుట్టింది బెజవాడలో, పాత ఇనుము కరిగించే చోట. కుట్టు మిషను చక్రం, అరిగిన తూకం రాళ్లు, ఎవరింటివో కిటికీ ఊచలు కలిసి నేనయ్యాను. ఇతరుల ఇళ్లలోకి తొంగిచూసే బుద్ధి ఆ ఊచల నుంచీ, మనుషుల్ని తూచే బుద్ధి ఆ రాళ్ల నుంచీ వచ్చి ఉంటాయి. కుట్టు మిషను వల్ల ఏం వచ్చిందో ఇంకా తెలియలేదు.

నన్ను మొదట కొన్నది బాపట్ల సామ్రాజ్యమ్మ. స్టేషను రోడ్డులో తన ఇంటి అరుగు మీదే పొద్దున పూట అట్లు పోసి అమ్మేది. అప్పట్లో నేను బూడిద రంగులో, గరుగ్గా ఉండేదాన్ని. ఆమె నన్ను గంజిలో నానబెట్టింది, నూనె రాసింది, సగం కోసిన ఉల్లిపాయతో రుద్దింది, పొయ్యి మీద కాల్చింది, మళ్లీ నూనె రాసింది. దీన్ని ఆమె మచ్చిక చెయ్యటం అనేది, కొత్తగా కొన్న గేదెను అన్నట్టు. మచ్చిక కావడానికి నాకు నెలలు పట్టింది. అప్పటిదాకా పోసిన ప్రతి అట్టునూ కరిచి పట్టుకున్నాను.

ఇక్కడ ఒక మాట చెప్పాలి, ఈ కథంతా దాని మీదే నడుస్తుంది. పెనం మీది నలుపు మురికి కాదు. నూనె, వేడి, ఏళ్ల తరబడి పోసిన అట్లు ఒకదాని మీద ఒకటి కూర్చుని కట్టిన పొర అది. ఆ పొర ఉంటేనే అట్టు చెప్పిన మాట విని లేస్తుంది. సబ్బు పెడితే పొర పోతుంది. చపాతీలు కాలిస్తే చెడుతుంది. అన్నీ సవ్యంగా ఉన్నా ఏ రోజుకారోజు మొదటి అట్టు కాస్త పేచీ పెడుతుంది. సామ్రాజ్యమ్మ దాన్ని గోకి తీసి, "మొదటిది పెనానిది" అని పిట్టగోడ మీద పెట్టేది. పేరు నాది, ఫలహారం కాకిది.

ఆ ఇంటి వెనక వాటాలోకి కొత్తగా పెళ్లయిన టీచర్ల జంట అద్దెకు వచ్చింది. ఆయనే దయానందం గారు. ఆవిడ హెప్సీబా గారు. ఇద్దరూ ఊరి చివర ఇంగ్లీషు మీడియం స్కూల్లో ఇంగ్లీషే చెప్పేవారు. ఆవిడ రోజూ పొద్దున గిన్నె పట్టుకుని అరుగు దగ్గరికి అట్ల కోసం వచ్చి కబుర్ల కోసం ఆగేది. కొన్నేళ్లకు సామ్రాజ్యమ్మకు మోకాళ్లు మొరాయించి, అరుగు మూసేసి చీరాలలో చెల్లెలి దగ్గరికి వెళ్లిపోతూ నన్ను ఆవిడ చేతిలో పెట్టింది.

"ఇదిగో టీచరమ్మా, దీని మీద చపాతీలు కాల్చబాక. సబ్బు తగలనియ్యబాక. ఎవురడిగినా ఇయ్యబాక."

"మా ఆయన అడిగితేనో?"

"మగోళ్లు పెనం అడగరమ్మా. అట్టు అడుగుతారు."

సామ్రాజ్యమ్మ జీవితంలో తప్పు చెప్పింది ఈ ఒక్కటే.

తర్వాత ఆ జంట ఇల్లు మారింది. సామానంతా రిక్షాలో వేశారు. దయానందం గారి దగ్గర ఒక లావుపాటి ఇంగ్లీషు నిఘంటువు ఉంది. అది ఆయన ఒళ్లో కూర్చుని వచ్చింది. నేను బిందెల మీద కూర్చుని వచ్చాను, రైలు గేటు దగ్గర కుదుపుకు రోడ్డు మీద పడ్డాను. చెవి అప్పుడు విరిగింది. నిఘంటువుకు పేజీ కూడా నలగలేదు. దాని మీద నాకు కోపం లేదు అంటే అబద్ధం.

ఆ ఇంట్లో నేను ఇరవై ఏళ్ల పైగా ఉన్నాను. దయానందం గారి ఇంగ్లీషు రేడియోలో వార్తలు చదివినట్టు ఉంటుంది. క్లాసులో ఈగ వాలినా వ్యాకరణం తప్పకుండా తోలుతారు. హెప్సీబా గారి పద్ధతి వేరు. ఇంగ్లీషు పాఠం మధ్యలో తెలుగులో ఒక వేళాకోళం, ఒక మెత్తటి తిట్టు, ఒక కథ ముక్క వేసి, పిల్లలు నవ్వి తేరుకునేలోపు ఇంగ్లీషు గొంతులో దింపేస్తుంది. ఆవిడ క్లాసు పిల్లలే స్కూల్లో అందరికంటే చక్కగా ఇంగ్లీషు మాట్లాడేవారు. ఎందుకో దయానందం గారికి ఎప్పుడూ అర్థం కాలేదు. అది అదృష్టమనుకునేవారు.

ఇట్లా ఉండగా, మాల్దీవుల్లో పనిచేస్తున్న వాళ్ల పాత సహోద్యోగి ఒకాయన కబురు పెట్టాడు. ఒక చిన్న దీవిలో స్కూలుకు ఇద్దరు ఇంగ్లీషు టీచర్లు కావాలట. ఉండటానికి ఒకే ఇల్లు ఉందట, అందుకని భార్యాభర్తలైతేనే తీసుకుంటారట. ఇద్దరూ ఇంటర్వ్యూ నెగ్గాలి. ఒకరు తప్పినా ఇద్దరూ ఇంట్లోనే.

దయానందం గారు గాల్లో తేలిపోయారు. ఓడలూ దీవులూ ఉన్న పద్యాలు ముప్పై ఏళ్లు చెప్పిన మనిషి, సూర్యలంక బీచి దాటి సముద్రం చూడలేదు. హెప్సీబా గారు మాత్రం "చూద్దాం లెండి" అంది. అసలు మాట మర్నాడు పొద్దున అట్లు పోస్తూ నాతో అంది. ఆవిడ నాతో మాట్లాడుతుంది. నేను మధ్యలో అడ్డు రాను కదా.

"నాకు వెళ్లాలనుందే. ఆయనకంటే నాకే ఎక్కువుంది. కానీ తెలుగు ముక్క రాని పిల్లల ముందు నన్ను నిలబెడితే ఏం చెయ్యను? నా దగ్గర ఉన్న మంత్రమంతా తెలుగులోనే ఉంది. నా వల్ల ఆయన ప్రయాణం కూడా ఆగిపోతే?"

ఆ అట్టు కాస్త మాడింది. నేనేమీ అనుకోలేదు.

ఇంటర్వ్యూకు తయారవ్వాలని దయానందం గారు ఇంట్లో ఒక నియమం పెట్టారు. నిద్ర లేచింది మొదలు పడుకునేదాకా ఇద్దరూ ఇంగ్లీషే మాట్లాడాలి. ఆయనకది పండగ. ఉప్పు డబ్బా అడగాలన్నా ఒక పేరా అడిగేవారు. ఆవిడ రెండు రోజులు సరదాగానే చేసింది. మూడో రోజు నుంచి మాటలు తగ్గాయి. పాలవాడు నీళ్లు కలిపాడని ఇంగ్లీషులో మొగుడికి చెబితే ఆ కోపంలో పస ఏముంటుంది? ఒకసారి ఆయన తడి తువ్వాలు మంచం మీద వేశారు. అంతకుముందైతే దాని మీద ఆవిడ కాలక్షేపంగా ఒక గంట మాట్లాడేది. ఇప్పుడు ఒక చిన్న వాక్యం అని, చివర థాంక్యూ అని కూడా అని, తువ్వాలు తీసి ఆరేసింది. ఇంట్లో మర్యాద పెరిగి, సందడి చచ్చిపోయింది.

ఆవిడ తెలుగు మాట్లాడింది నాతోనే, అదీ గొంతు తగ్గించి.

అదే సమయంలో సామాను లెక్క మొదలైంది. విమానంలో ఇంత బరువే తీసుకెళ్లాలి అన్న నియమం ఒకటుంటుంది. నేను ఆ లెక్కలో మొదటే ఎగిరిపోయాను. నిఘంటువు మొదటే చేరిపోయింది.

"ఐరన్ ఈజ్ హెవీ, హెప్సీ. వుయ్ విల్ గెట్ నాన్‌స్టిక్ దేర్," అన్నారు ఆయన. నాన్‌స్టిక్ అనేది మచ్చిక అక్కర్లేని జంతువు. ఎవరు పోసినా ఒకటే దానికి. నాకు దాని మీద గౌరవం లేదు.

ఆవిడ ఏమీ అనలేదు. ఆయన చెడ్డవారు కాదు, భార్య మౌనం ఆయనకు వినిపించింది. కానీ దాని అర్థం తప్పు చదివారు. నన్ను వదిలెయ్యమన్నందుకే ఆవిడ మాట్లాడటం లేదనుకున్నారు. సరే, పెనాన్ని తీసుకెళ్దాం అని మనసులోనే ఒప్పుకున్నారు. ఆవిడకు చెప్పకుండా ఆశ్చర్యపెడదామనుకున్నారు. అక్కడే వచ్చింది ముప్పు. విమానాశ్రయంలో తిండి జిడ్డు ఉన్న గిన్నెలు కనిపిస్తే పారేస్తారని ఎవరో ఆయనకు చెప్పారు. నన్ను చూస్తే తల నుంచి తోక దాకా జిడ్డే కదా, ఆయన కళ్లకు.

ఆదివారం సాయంత్రం హెప్సీబా గారు చర్చిలో స్త్రీల కూడికకు వెళ్లింది. దయానందం గారు లుంగీ ఎగ్గట్టి, ఇనప పీచు, సబ్బు, ఎమిరీ పేపరు ముందు పెట్టుకుని పెరట్లో కూర్చున్నారు. ఇంట్లో ఒక్కరే ఉన్నా నియమం తప్పకుండా ఇంగ్లీషులో ఒక కీర్తన పాడుకుంటూ తోమారు. ఆయన చేతికి బొబ్బలు లేచాయి, ఆపలేదు. ఏ పనైనా అసంపూర్తిగా వదలని మనిషి. అదే నా కొంప ముంచింది. సామ్రాజ్యమ్మ నెలలూ, హెప్సీబా గారి ఏళ్లూ నల్లటి నీళ్లుగా తూములోకి పోయాయి. చివరికి నేను కార్ఖానాలోంచి అప్పుడే వచ్చినట్టు బూడిద రంగులో మెరిశాను. ఆయన నన్ను తువ్వాలుతో తుడిచి, హాల్లో బల్ల మీద, నిఘంటువు పక్కనే నిలబెట్టారు. మొదటిసారి మాకు సమాన హోదా వచ్చింది. నాకు సంతోషం కలగలేదు.

ఆవిడ వచ్చింది. బైబిలు సంచీ భుజం మీదే ఉంది. నన్ను చూసింది. నోరు తెరిచింది. ఇంగ్లీషు రాలేదు.

"ఇదేంటండీ."

"సర్‌ప్రైజ్. వుయ్ ఆర్ టేకింగ్ ఇట్."

"ఇది మురికని ఎవరు చెప్పారండీ మీకు?" అంది ఆవిడ తెలుగులో, చాలా నెమ్మదిగా. "నేను పోసిన అట్లన్నీ తోమి తూములో పోశారు గదండీ. ఒక్కటంటే ఒక్కటి మిగల్చకుండా."

"నీకు సంతోషంగా ఉంటుందని, హెప్సీ..." ఆయన కూడా తెలుగులోకి జారారు.

"నాకు సంతోషం చెయ్యాలనుకున్నప్పుడు ముందు ఒక మాట చెప్పండి మాష్టారూ. నేను తప్పుకుంటాను." సంచీ కుర్చీలో పడేసింది. "నన్ను కూడా నెల రోజులుగా ఇట్లానే తోముతున్నారు. చూడండి, ఎంత మెరిసిపోతున్నానో. ఒక్క మాట లేవట్లేదు నాలోంచి. రేపు ఆ పిల్లల ముందు నోరు పెగలక నేను తప్పితే, మీరు కూడా ఆగిపోవాల. ఆ భయంతో నాకు అన్నం దిగట్లేదు. మీరేమో పెనం తోముతారు."

దయానందం గారు బొబ్బల చేతులు లుంగీకి తుడుచుకుంటూ నిలబడ్డారు. "నువ్వు రానంటావేమో అనుకున్నా గానీ, వెళ్లాలని ఉందనుకోలేదు," అన్నారు.

"నెల నుంచీ ఏం అడిగినా ఇంగ్లీషులో అడిగారు. నేనేం చెబుతాను?"

ఆ పూట ఇంట్లో నియమం ఎత్తేశారు. ఎవరూ ప్రకటించలేదు. తువ్వాలు గురించి కూడా అప్పుడే మొదలైంది, నెల రోజుల బాకీతో సహా. ఆయన అన్నీ విన్నారు. మధ్యలో ఒకసారి ఆయన మొహంలో నవ్వు కూడా చూశాను. సందడి లేక ఆయనా చిక్కిపోయారు పాపం.

మర్నాటి నుంచి ఆవిడ నన్ను మళ్లీ మచ్చిక చెయ్యటం మొదలుపెట్టింది. గంజి, నూనె, ఉల్లిపాయ. ఉల్లిపాయతో రుద్దే పని దయానందం గారిది. శిక్ష అని ఆవిడ అనలేదు, ఆయనే ఉల్లిపాయ అందుకున్నారు. కానీ నేను కొత్త పెనాన్ని. పోసిన ప్రతి అట్టూ చింపాను. కావాలని కాదు. ఒంటి మీద పొర లేకపోతే ఎవరికైనా అంతే, తగిలినదాన్నల్లా పట్టుకుని వేలాడతాం. పాపం వాళ్లు రోజూ అట్టు ముక్కలు చెంచాతో తిన్నారు.

ఇంటర్వ్యూ రోజు వచ్చేసింది. ఫోనులో బొమ్మ కనిపించే ఇంటర్వ్యూ. ఆ దీవి స్కూలు పెద్ద టీచరు పేరు ఆమినత్. ఆవిడ తెలివైన మనిషి. ప్రశ్నలు అడగకుండా, నాలుగో తరగతి పిల్లల్ని కొందరిని అక్కడ ఫోను ముందు కూర్చోబెట్టి, "వీళ్లకు కాసేపు పాఠం చెప్పండి, నేను వింటాను" అంది. వాళ్లకు ఇంగ్లీషు కొంచెమే వచ్చు.

ముందు దయానందం గారు చెప్పారు. పెట్టె లోపల పెన్ను, పెట్టె మీద పెన్ను, పెట్టె పక్కన పెన్ను. తప్పు పట్టడానికి ఏమీ లేదు. ఒక పిల్లవాడు మర్యాదగా ఆవలించాడు.

తర్వాత హెప్సీబా గారు. పళ్ల బొమ్మల చార్టు పట్టుకుని కూర్చుంది. గుడ్ మార్నింగ్ అంది. వాళ్లూ అన్నారు. ఆ తర్వాత ఏమీ రాలేదు. నేను వంటింట్లో ఉన్నాను గానీ, ఆ నిశ్శబ్దం నాకు తెలుసు. నూనె లేని పెనం మీద పిండి పడి కదలనప్పుడు ఉండేది అదే. దయానందం గారు వంటింటి గుమ్మం దగ్గర నిలబడి, తలుపు చెక్కను గట్టిగా పట్టుకున్నారు. ఇంకో నిమిషం అట్లాగే ఉంటే ప్రయాణం అక్కడితో సరి.

అప్పుడు ఒక ఆడపిల్ల అవతలి నుంచి ఇంగ్లీషులో అడిగింది, "టీచర్, మీరు పొద్దున ఏం తిన్నారు?"

హెప్సీబా గారు చార్టు పక్కన పెట్టింది. "రా, చూపిస్తాను," అని ఇంగ్లీషులో అని, ఫోను తీసుకుని వంటింట్లోకి వచ్చేసింది. పప్పు డబ్బాకు ఆనించి పెట్టింది. పొయ్యి వెలిగించింది. ఇది మంట, ఇది పెనం, ఇది పిండి. పోస్తున్నాను, తిప్పుతున్నాను, ఆగుతున్నాను. పిల్లలు వెంట వెంట అంటున్నారు. ఆవిడ గొంతు నెమ్మదిగా వేడెక్కింది. అట్లకాడ అట్టు కింద పెట్టింది.

ఆ క్షణంలో నేను ఎంత ప్రయత్నించానో ఎవరికీ తెలియదు. నా వల్ల కాలేదు. అట్టు నడిమికి చిరిగింది.

"అయ్యో," అంది హెప్సీబా గారు. లోపలి నుంచి వచ్చింది, ఇంటర్వ్యూ కోసం మూతపెట్టిన మాట. నుదుటి మీద చెయ్యి పెట్టుకుని, ఆ ముక్కను అట్లకాడతో ఎత్తి, చచ్చిన బొద్దింకను చూసినట్టు చూసింది. పిల్లలు విరగబడి నవ్వారు. ఆ మాట అర్థం వాళ్లకు ఎవరూ చెప్పలేదు. అందరూ నుదుటి మీద చెయ్యి పెట్టుకుని "అయ్యో" అన్నారు.

ఇక ఆవిడను ఆపేవాళ్లు లేరు. మధ్యలో పడే తెలుగు ముక్కలు అట్లాగే పడ్డాయి. వాటికి మొహం, చెయ్యి, అట్లకాడ అర్థం చెప్పాయి. పిల్లలు ఎందుకు చిరిగిందని అడిగారు. పెనం కొత్తది కాబట్టి అంది. పాతగా కనిపిస్తోంది టీచర్, చెవి కూడా విరిగింది, అన్నాడు ఇందాక ఆవలించిన వాడు. పాతదే, కానీ ఒకరు శుభ్రంగా తోమేశారు, అంది. ఎవరు? ఆవిడ ఫోను తీసి గుమ్మం వైపు తిప్పింది.

"ఎందుకు తోమారు సార్?" అని అడిగారు పిల్లలంతా.

దయానందం గారి దగ్గర పెట్టె పాఠానికి వాక్యాలు తయారుగా ఉన్నాయి గానీ దీనికి లేవు. "నాకు తెలియలేదు" అన్నారు, చిన్న పిల్లాడి ఇంగ్లీషులో.

"అయ్యో," అన్నారు పిల్లలు, ఎంతో జాలిగా.

ఆమినత్ టీచరు నవ్వు ఆపుకుంటూ ఫోను తన వైపు తిప్పుకుంది. ఇద్దరూ రండి అంది. ఆ పెనం కూడా తీసుకురండి, లేకపోతే పిల్లలు ఊరుకోరు అంది.

పెట్టెలు సర్దే రోజున దయానందం గారు నిఘంటువును బయటికి తీశారు. ఆ ఖాళీలో నన్ను పాత నేత చీరలో చుట్టి పెట్టారు. ఆవిడ తలుపు దగ్గరి నుంచి చూసింది.

"నిఘంటువు లేకుండా ఎట్లా మాష్టారూ?"

"స్పెల్లింగు తప్పయితే పిల్లలు సర్దుకుంటారు. అట్టు తప్పయితే నువ్వు సర్దుకోవు."

హైదరాబాదు విమానాశ్రయంలో మిషను నన్ను చూసి అనుమానపడింది. ఒక ఉద్యోగి వాళ్లను పిలిచి పెట్టె విప్పించాడు. అప్పటికి నేను మళ్లీ కాస్త నలుపు తేరాను.

"గిదేంది సార్?"

"అట్ల పెనం."

"గింత నల్లగుందేంది? కడుగలేదా?"

"కడగకూడదండీ," అన్నారు దయానందం గారు, ముప్పై ఏళ్ల మాష్టారి గొంతుతో. "అది మురికి కాదు." ఆ ఉద్యోగి పెట్టె మూసి పంపించాడు. హెప్సీబా గారు అటు తిరిగి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఇప్పుడు నేను దీవిలో ఉన్నాను. వంటింటి కిటికీలోంచి సముద్రం కనిపిస్తుంది, చూడ్డానికి బాగానే ఉంటుంది గానీ దాని గాలి ఇనుముకు పడదు. రోజూ నాకు నూనె రాయాలి. ఆ పని దయానందం గారు ఒప్పుకున్నారు, తప్పకుండా చేస్తారు. తువ్వాలు మాత్రం ఇంకా మంచం మీదే వేస్తారు. దాని మీద ఇక్కడ కూడా మంచి చర్చ జరుగుతుంది, పక్కింటివాళ్లకు భాష రాదు కాబట్టి ఇంకాస్త గొంతెత్తి.

ఇక్కడ శుక్రవారం బడికి సెలవు. ఆ పొద్దున పిల్లలు మా వంటింట్లోకి వచ్చి కూర్చుంటారు. నేను పూర్తిగా మచ్చికయ్యాను. సామ్రాజ్యమ్మ చూస్తే సంతోషించేది. ఇప్పుడు మొదటి అట్టు కూడా దానంతట అదే అంచులు లేపుకుంటుంది. మొదటిసారి అట్లా చిరగకుండా లేచినప్పుడు పిల్లల మొహాలు వాడిపోయాయి. చేతులు అప్పటికే నుదుటి దగ్గరికి వెళ్లి, ఏం చెయ్యాలో తెలియక కిందికి దిగాయి. హెప్సీబా గారు అది చూసింది. నేనూ చూశాను.

అప్పటి నుంచి శుక్రవారం మొదటి అట్టును ఆవిడ పెనం సరిగా కాగకముందే పోస్తుంది. మనసు పెడితే ఆ కాస్త వేడికే ఇప్పుడు నేను దాన్ని లేపగలను, ఆ సంగతి ఆవిడకూ తెలుసు. అట్లకాడ కిందికి వస్తుంది. పిల్లలు ఊపిరి బిగబడతారు. దయానందం గారు కూడా కాఫీ గ్లాసు పట్టుకుని గుమ్మంలో నిలబడతారు.

మొదటిది నాది కదా. గట్టిగా పట్టుకుంటాను.